కుక్క చెవియు, ఊరి క్షేమమును
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, రహదారులు, ఇంటిపన్నుల వసూలు మొదలగు వానిని గూర్చి చెప్పుదుమని మీరు ఎదురుచూచుట సహజము. మేము నేడు కుక్క చెవిని గూర్చి మాట్లాడదలచితిమి. కొందరి ముఖములపై నవ్వు కనబడుచున్నది. ఆ నవ్వునకు మేము నొచ్చుకొనము. ఒక ఊరిలో మేము కన్నులార చూచిన సంగతి వినిన పిమ్మట, ఇది నవ్వవలసిన విషయమో కాదో మీరే నిర్ణయింపుడు.

ఒక వేసవిలో మేము ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు పోయియుంటిమి. గొఱ్ఱెల కాపరి యొకని దొడ్డి వద్ద పదిమంది కఱ్ఱలు పట్టుకొని నిలిచియుండిరి. దొడ్డిలో గొలుసుతో కట్టబడియున్న కుక్క తలను ఒక ప్రక్కకు వాల్చి, మాటిమాటికి విదిలించుచు, దగ్గరకు వచ్చినవారిపై పండ్లు చూపుచుండెను. ఏండ్ల తరబడి మందను కాచిన ఆ కుక్క, ముందు దినమున యజమాని కుమారుని చేతిని కఱచినది. "పిచ్చి పట్టింది, కొట్టి చంపండి" అని జనము. "పిచ్చి కాదయ్యా, చెవిలో పురుగు పడిందని కిరసనాయిలు పోశాను, అప్పటినుంచి ఇట్లా అయింది" అని కాపరి కంటనీరు పెట్టుకొనెను.

ఆ ఊరి సర్పంచి వివేకము గల పెద్దావిడ. కఱ్ఱలు దింపించి, పిల్లవానిని వెంటనే ఆసుపత్రికి పంపి టీకా వేయించిరి. కుక్క దగ్గరకు ఎవరిని పోనీయక పశువైద్యునికి కబురు చేసిరి. ఆయన జాగ్రత్తగా మూతి కట్టించి చూడగా, చెవి లోపల పుండై చీము పట్టియుండెను. చికిత్స జరిగినది. కఱచిన తరువాత పది దినములు దాటినను కుక్క ఆరోగ్యముగనే యుండుటచే రేబిస్ భయమును తొలగినది. అది మరల మంద వెంట పోయినది.

చెవి నొప్పి మంచి కుక్కను సయితము కఱచునట్లు చేయును. తెలియక చేసిన వైద్యము ఆ నొప్పిని పెంచును. కనుక చెవిని శుభ్రపరచు పద్ధతి ప్రతి ఇంటివారును తెలిసికొనవలసి యున్నది.

మొదట చెవి నిర్మాణము చూతము. కుక్క చెవి నాళము మన చెవివలె తిన్నగా లోపలికి పోదు. మొదట క్రిందికి దిగి, పిమ్మట వంచిన మోచేయివలె లోపలికి తిరుగును. ఆ కొసను పలుచని కర్ణభేరి కలదు. కావుననే నీరుగాని, గుబిలిగాని లోపల చేరిన సులభముగ బయటకు రాదు. వ్రేలాడు చెవులు గల జాతులకును, చెరువులలో ఈదు కుక్కలకును ఈ బాధ అధికము. పుల్లతోగాని, కోడియీకతోగాని, దూది చుట్టిన కాడతోగాని పొడిచినచో మురికి ఇంకను లోపలికి పోవును. కర్ణభేరికి చిల్లిపడు ప్రమాదమును కలదు.

వారమున కొకసారి చెవిని ఎత్తి చూచి, వాసన చూడుడు. లేత గులాబి రంగుతో, దుర్వాసన లేక, కొద్దిపాటి గుబిలి మాత్రమే యున్నచో అది ఆరోగ్యమైన చెవి. దానిని ఊరక కడుగుచుండుటయు మంచిది కాదు. కొంచెము మురికి చేరినపుడు మాత్రమే శుభ్రపరచవలెను.

అందుకు పశువైద్యుని అడిగి, కుక్కల చెవులకై తయారు చేసిన ద్రవమును తెచ్చుకొనుడు. సీసాను కొంతసేపు గుప్పిట పట్టుకొనినచో చల్లదనము పోవును. కుక్క నెమ్మదిగ నున్న వేళ, దానికి చనువైన పెద్దవారొకరు పట్టుకొని లాలించుచుండగా, మఱియొకరు చెవి డొప్పను పైకెత్తి, సీసా కొన లోపల తగులకుండ ద్రవమును నింపవలెను. చెవి మొదలును అరనిమిషము మెల్లగ మర్దించి విడిచినచో కుక్క తల విదిలించును. విదిలింపనిండు, మురికి పైకి వచ్చును. పిమ్మట వ్రేలికి మెత్తని గుడ్డగాని, దూదిగాని చుట్టి, వ్రేలు సులభముగ పోవునంతవరకే తుడువవలెను. రెండవ చెవికి వేరు దూది వాడవలెను. చివర చిన్న రొట్టెముక్క పెట్టినచో మరుసటిసారి అదియే వచ్చి కూర్చుండును. ఈ పని పిల్లలకు అప్పగింపరాదు.

ద్రవము దొరకనిచో, కాచి చల్లార్చిన నీటిలో గుడ్డను తడిపి, గట్టిగా పిండి, కంటికి కనబడు భాగమును మాత్రము తుడువుడు. కిరసనాయిలు, ఫినాయిలు, కాగిన నూనె, స్పిరిటు, సున్నపునీరు – వీనిలో ఏదియు చెవిలో పోయరాదు.

చెవి డొప్పపై గోమారులు పట్టియున్నచో వానిని చేతితో నలుపరాదు. ముల్లు తీయు చిమటాతో చర్మము దగ్గరగా పట్టుకొని తిన్నగా లాగి తీసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. నాళము లోపల నున్నవానిని వైద్యునికే విడువుడు.

దుర్వాసన, చీము, రక్తము, కాఫీపొడి వంటి నల్లని మురికి, పురుగులు, చెవి డొప్ప వాపు, తల వాల్చుట, నడకలో తూలుట – వీనిలో ఏ యొక్కటి కనబడినను, లేక ముట్టుకొనగనే కుక్క మూలిగినను, ఇంటివద్ద శుభ్రపరచుట మానుడు. అప్పుడు చెవిలో ఏమియు పోయరాదు. పశువైద్యశాలకు తీసికొనిపోవుడు. తన కుక్కయే గదా యని నొప్పిగా నున్న చెవిని బలవంతముగ పట్టుటవలననే ఆ కాపరి కుమారుడు కాటు తినెను.

ఎవరి కుక్క కఱచినను, గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. వైద్యుడు చెప్పిన తేదీలన్నింటికిని టీకాలు వేయించుకొనవలెను. చెవి నొప్పియా, రేబిసా యను సంగతి చూపుతో తేల్చదగినది కాదు. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట మనుష్యుని బ్రతికించుట దాదాపు అసాధ్యము.

ఇక మీ పని. జులై 6వ తేది జూనోసిస్ దినము. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పారిస్‌లో ఒక బాలునికి రేబిస్ టీకా తొలిసారిగ వేయించెను. ఆ దినమున పశువైద్యశాలలలో కుక్కలకు టీకాలు వేయుట మన ప్రాంతమున వాడుక. మీ వార్డులలో ముందుగా దండోరా వేయించి, కుక్కలను తెచ్చిన వారికి చెవి పరీక్షయు అచ్చటనే చేయించుడు. చెవి శుభ్రపరచుట ఎట్లో వైద్యునిచేత ఒక కుక్కపై చేసి చూపింపుడు. మేము చెప్పిన నూరు మాటలకంటె అది మేలు. కొట్టి చంపుదమని జనము గుమిగూడినచో, జంతువులను కొట్టి హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరమని తెలిపి, కుక్కకు దూరముగ నుండుడని చెప్పి, పశువైద్య శాఖకు కబురు పంపుడు.

రాత్రివేళ మన కల్లమును, మందను, వాకిలిని కాచునది కుక్క చెవియే. మనము నిద్రించునప్పుడు అది మనకై వినుచున్నది. ఆ చెవికి కీడు చేయకుండుట మనకు పెద్ద పని కాదు.