దారి హక్కు: ఆగి ఉన్న కారు, సాగిపోయే సైకిలు

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



దారిన కూర్చునేవారు దారి హక్కును చెల్లించాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఇతరులకు బాధ కలిగించకుండా ఉండటం ఆ హక్కులలో ఒకటి. బాటలోని హానికర వస్తువును తొలగించటం విశ్వాస శాఖలలో ఒకటని కూడా ఆయన బోధించారు. హానికర వస్తువు అనగానే మనకు ముల్లు, రాయి గుర్తుకు వస్తాయి. నేటి నగర వీధులలో చూడకుండా తెరిచిన కారు తలుపు సైతం అటువంటిదే.

మన దేశంలో వాహనాలు ఎడమ ప్రక్కన నిలుస్తాయి. నడిపేవారు కుడి ప్రక్కన కూర్చుంటారు. కనుక వారి తలుపు సరిగ్గా సైకిలు సాగే దారిలోకే తెరుచుకుంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక్క సెకనులో 4 మీటర్లు దాటుతుంది. బ్రేకు నొక్కే లోపే తలుపు తగులుతుంది. హ్యాండిల్ అంచుకు తగిలితే మనిషి నడిరోడ్డుపై, వెనుక వచ్చే బస్సు ముందు పడవచ్చు.

ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోవాలని ప్రవక్త (స) నేర్పారు. కనుక సైకిలుపై వెళ్ళేవారం మన వంతు జాగ్రత్త వహించాలి. ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు దూరంగా, తిన్నని గీతలో సాగాలి. రెండు కార్ల నడుమ ఖాళీ ఉన్నదని లోపలికి దూరి, మరల రోడ్డుపైకి రావటం వెనుకవారిని తికమక పెడుతుంది. అద్దం వెనుక మనిషి తల కనిపించినా, వెనుక ఎర్రదీపం అప్పుడే ఆరినా, తలుపు తెరుచుకోనున్నదని భావించాలి. దూరం పాటించే చోటు లేనప్పుడు నడక వేగానికి తగ్గాలి. ఆగిన ఆటోకు ఎడమ ప్రక్కనుండి దూరరాదు. ప్రయాణికులు దిగేది అటే. ఫజ్ర్‌కు, ఇషాకు వెళ్ళేవారు ముందు దీపం, వెనుక ఎర్రదీపం అమర్చుకోవాలి.

అయితే అధిక బాధ్యత కారులో ఉన్నవారిదే. కుడి తలుపును ఎడమ చేతితో తెరవటం అలవాటు చేసుకుందాం. అప్పుడు దేహం దానంతట అదే తిరిగి, చూపు అద్దంపైకి, వెనుకకు మళ్ళుతుంది. నెదర్లాండ్స్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిని బ్రిటన్ తన రహదారి నియమావళిలో 2022లో చేర్చింది. వెనుక సీటులోని పిల్లలను మనం చెప్పేవరకు తలుపు ముట్టనీయరాదు; వారిని ఫుట్‌పాత్ వైపునే దింపాలి.

సోదరులారా! జుమా నమాజు ముగియగానే మన మస్జిదు వీధులనే చూడండి. ఇరువైపులా కార్లు, అందరికీ తొందర. ఆ ఇరుకులో సైకిలుపై వచ్చేది ఎవరు? పాలు పోసేవారు, కూలికి వెళ్ళేవారు, బడిపిల్లలు. వారి చేయి విరిగితే ఆ ఇంట పొయ్యి వెలగదు. ఖుత్బా విని, సజ్దా చేసి వెలుపలికి వచ్చిన మన చేయే అందుకు కారణం కారాదు. దాసుల హక్కుల విషయంలో బాధితుడు క్షమించనిదే మనకు విముక్తి లేదని మరువకండి.

ఓ అల్లాహ్! మా చేతుల నుండి, మా తొందరపాటు నుండి నీ దాసులను కాపాడు. దారి హక్కును నెరవేర్చే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఇంటి నుండి బయలుదేరిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమీన్.