వంశానుగతమగు రొమ్ము రాచపుండు



బందరులో ముప్పది యేండ్లకుపైగా పిల్లలకు పద్యములు చెప్పిన నేను వైద్యమును గూర్చి మాటాడుట సాహసమే. కాని కడచిన వేసవిలో దివిసీమనుండి నా పూర్వశిష్యురాలొకతె వచ్చి తన వంశవృక్షమును వ్రాసి యిమ్మని కోరినది. పెండ్లి సంబంధమునకు గాదు, వైద్యునికి చూపుటకు.

ఆమె నాయనమ్మ 1977 ఉప్పెనకు మరుసటి యేట రొమ్మున రాచపుండు పుట్టి మరణించెను. పెద్ద మేనత్తయు నడివయసు రాకమునుపే ఆ వ్యాధితోనే పోయెను. గుడివాడలో నున్న చిన్న మేనత్త చికిత్స పొంది బ్రతికియున్నది. ఇంత జరిగినను తండ్రిగారు, "మా అమ్మాయిది తల్లి పోలిక, దానికేమియు రాదు" అని నిబ్బరముగా నుండిరి. ఈ భ్రమ మనలో పలువురకు కలదు. దోషము తండ్రివలనను రావచ్చును. మేనరికములు చేసికొను మన యిండ్లలో తండ్రివైపు, తల్లివైపు అను భేదమే సరిగా నిలువదు గదా!

శాస్త్రజ్ఞులు 1994లో ఒకటియు, 1995లో రెండవదియు గుర్తించిన బి.ఆర్.సి.ఏ. అను జన్యువులు రెండు కలవు. కణములలో కలిగిన చెరుపును బాగుచేయుట వాని పని. వానిలో నొకటి చెడి పుట్టిన స్త్రీకి 80 ఏండ్లలోపల రొమ్ము రాచపుండు వచ్చు సంభవము నూటికి సుమారు 70 పాళ్లు. అండాశయములకు మొదటిదానివలన 44, రెండవదానివలన 17. దోషము గల తల్లినుండి గాని తండ్రినుండి గాని ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము పాలు అవకాశము కలదు. రొమ్ము రాచపుండ్లన్నియు నిట్టివి కావు. నూటికి 5 మొదలు 10 వరకే.

మొదట వ్యాధి వచ్చినవారినే పరీక్షించుట మేలు. చిన్న మేనత్త రక్తములో దోషము కనబడెను. పిదప మా శిష్యురాలికిని.

రొమ్ములు రెండును ముందే తీసివేసినచో అపాయము నూటికి 90 పాళ్లవరకు తగ్గును. కాని పోయినది తిరిగి రాదు. స్పర్శ పోవును, బిడ్డకు పాలిచ్చు యోగముండదు. లేదా యేటేట ఎం.ఆర్.ఐ., మామోగ్రాము తీయించుకొనుచు కాచియుండవచ్చును. ఇది వ్యాధిని ఆపదు, చిన్నదిగా నున్నపుడు పట్టుకొనును. అండాశయముల సంగతి వేరు. వాని వ్యాధిని తొలుతనే పట్టు నమ్మకమైన పరీక్ష లేదు. కావున మొదటి జన్యువు చెడినవారు, సంతానము చాలించిన పిమ్మట, 35–40 ఏండ్ల నడుమ వానిని నాళములతో గూడ తీయించుకొనుట మేలని వైద్యులు చెప్పుదురు. దానివలన ముట్టు ఒక్కసారిగా నిలిచిపోవును, ఎముకల బలము తగ్గును. అమెరికా నటి ఏంజెలీనా జోలీ 2013లో రొమ్ములకు, 2015లో అండాశయములకు ఇట్టి శస్త్రచికిత్సలు చేయించుకొని పత్రికలో ప్రకటించినది. ఆమె ధనము, ఆమె వైద్యులు వేరు. రొయ్యల చెరువు కౌలుకు చేయు ఇల్లాలి లెక్క వేరు.

నిమ్మకూరు వాస్తవ్యులగు నందమూరి తారకరామారావుగారి భార్య బసవతారకమ్మగారు 1985లో రాచపుండుతో మరణించిరి. ఆమె పేర హైదరాబాదులో 2000లో ఆసుపత్రి వెలసెను. ఆమె వ్యాధి వంశానుగతమని నేననుట లేదు. ఆ యింటివారు దాచలేదని మాత్రమే నా మాట. మనమో, ఆడపిల్లల సంబంధములు చెడునని నోరు మెదపము. మా శిష్యురాలి పెండ్లి మాటలలో, పెద్ద మేనత్త కామెర్లతో పోయినదని వరుని పక్షమువారికి చెప్పినవాడను నేనే. వంశవృక్షములో ఆ పేరు ప్రక్కన నిజము వ్రాయునపుడు నా చేయి వణకినది.

ఆమెకిపుడు 37 ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. భర్త మాటయు అత్తగారి మాటయు వినినది. నిర్ణయము తానే చేసికొన్నది. అండాశయములు తీయించుకొన్నది. రొమ్ముల విషయమై యేటేటి పరీక్షలతోనే యున్నది. ముందుముందు మనసు మారునేమో చెప్పలేనన్నది. తండ్రిగారు, తమ కుమారునకును ఇద్దరాడపిల్లలున్న సంగతి తలచుకొని, మొన్న వానిని రక్తపరీక్షకు పంపిరి.