తోబుట్టువు కిడ్నీతో పరుగు



కిడ్నీ జబ్బు అంటే ఏటో డొంకూరులో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. ఉద్దానమంతా ఎరిగిన జబ్బే. ఆ జబ్బుతోనే పరుగు పందెంలో నిలిచిన ఒక మనిషి సంగతి ఇవాళ చెప్పుకుందాం.

ఆయన పేరు ఏరీస్ మెరిట్. అమెరికా దేశస్థుడు. ఆయనది ఉత్త పరుగు కాదు. 110 మీటర్ల దారిలో 10 అడ్డుకర్రలుంటాయి. ఒక్కొక్కటి మూడున్నర అడుగుల ఎత్తు. వాటిని దూకుతూ పరుగెత్తాలి. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. మరుసటి నెలలో 12.80 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు.

2013లో జబ్బు బయటపడింది. కిడ్నీలు పాడయ్యాయన్నారు డాక్టర్లు. ఇక పరుగు మాట మరిచిపొమ్మన్నారు. నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. లేచాక మళ్ళీ మైదానానికే వెళ్ళాడు.

2015 ఆగస్టు 28న బీజింగ్‌లో ప్రపంచ పోటీలు. అప్పటికి ఆయన కిడ్నీల పని నూటికి ఇరవై వంతులు కూడా లేదు. అంటే రూపాయిలో ఇరవై పైసలు కూడా కాదన్నమాట! అయినా మూడో వాడుగా వచ్చి కంచు పతకం అందుకున్నాడు. నాలుగు రోజులకే, సెప్టెంబరు 1న, ఆపరేషన్. తోడబుట్టిన లటోయా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. లోకం ఆయన పేరే చెప్పుకుంటుంది గానీ, ముందు చెప్పాల్సింది ఆమె పేరు.

2016లో ఒలింపిక్స్ జట్టులో చోటు తప్పింది. సెకనులో నూరో వంతు తేడా! కన్ను మూసి తెరిచే పాటి కూడా కాదు. 2017లో ప్రపంచ పోటీల్లో అయిదో వాడుగా వచ్చాడు.

మెరిట్‌ది పుట్టుకతో వచ్చిన లోపం. ఉద్దానం జబ్బు వేరు. దీనికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. తెలిసేసరికి చాలా దూరం పోతుంది. అందుకే రక్తపరీక్ష. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. మగవాళ్ళని పరీక్షకి తీసుకెళ్ళే ఆడవాళ్ళు తమ చెయ్యి మాత్రం చాపరు. జీడిపిక్కలు కొట్టి నడుం పట్టేస్తే నొప్పి బిళ్ళ మింగి పడుకుంటారు. ఆ బిళ్ళలు రోజూ మింగితే కిడ్నీలకి చేటు. డాక్టరుని అడగకుండా వద్దు.

పరీక్ష చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మాత్రం మనకి వచ్చినవే. క్రియాటినిన్ ఏదని నర్సమ్మని అడగండి. ఆడవాళ్ళకి మామూలుగా ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. అంకెల మధ్య చుక్కని చూసి చదవండి. 1.1 వేరు, 11 వేరు.