బియ్యం మనిషికి, ఇల్లు కుటుంబానికి
(కళ్యాణదుర్గం ప్రాంత దంపతుల సమావేశంలో ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగం)



ఎండలో ఇంతదూరం నడిచి వచ్చారు. నీడన కూర్చోండి. మందుల మాట తర్వాత, ముందు ఇంటి మాట చెప్పుకుందాం.

మొన్న ఒక తల్లి నన్నడిగింది: "ఏమ్మా, బిడ్డలు ఎక్కువుంటే కార్డు మీద బియ్యం పెరుగుతాయి కదా! అట్లనే సర్కారు ఇల్లు కూడా పెద్దదిస్తుందా?" చాలామంది మనసులో ఉన్న అనుమానమే ఇది. జవాబు వినండి.

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 5 కిలోలు. బిడ్డ పేరు చేరితే బియ్యం పెరుగుతాయి, నిజమే. అంత్యోదయ కార్డుకు మాత్రం ఎందరున్నా కుటుంబానికి 35 కిలోలే.

ఇంటి లెక్క వేరు. ఇల్లు తలను చూసి రాదు, కుటుంబాన్ని చూసి వస్తుంది. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో ఇచ్చిన ఇంటి పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో ఒక సెంటు. 2025లో దానిని పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. స్థలం పెరిగినా సూత్రం మారలేదు: కుటుంబానికి ఒక్కటే. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతాలకు సాయం 1,20,000 రూపాయలు. ఇంట్లో నలుగురున్నా అంతే, తొమ్మిదిమందున్నా అంతే.

ఆ పథకంలో ఇల్లు వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లుండాలి. అంటే దాదాపు 270 చదరపు అడుగులు. నలుగురుంటే మనిషికి 67 అడుగులు వస్తాయి. ఎనిమిదిమందైతే 33. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మంచం వేస్తేనే 18 అడుగులు పోతాయి. మిగిలిన దాంట్లోనే పొయ్యి, బియ్యం మూట, నీళ్ల బిందెలు, బిడ్డల పుస్తకాలు. దగ్గు పట్టిన ముసలాయన పక్కనే పసిబిడ్డ పడుకోవాలి. క్షయలాంటి జబ్బు ఇరుకింట్లో ఒకరి నుండి ఒకరికి తొందరగా పాకుతుంది.

వానలు లేక శెనక్కాయ పంట పోయిన ఏడు మనవాళ్లు బెంగుళూరికి వలసపోతారు. అక్కడ అద్దెగది అడిగితే ఇంటాయన మొదటి ప్రశ్న, "మీరెంతమంది?" అనే. మంది పెరిగితే బాడుగ పెరుగుతుంది, లేదా గదే దొరకదు. అమెరికాలో పేదల అద్దెకు సాయం చేసే పథకం ఒకటుంది. దానిలో ఇంటి మందిని చూసి ఎన్ని గదులకు సాయమివ్వాలో లెక్కకడతారు. మన కూలివానికి అట్లాంటి లెక్క లేదు. పెరిగిన బాడుగ తన కూలిలోంచే కట్టాలి.

అందుకే చెబుతున్నాను, బియ్యాన్ని చూసి కాన్పు లెక్క వేయకండి. ఐదు కిలోలు వస్తాయి గానీ, ఇంకో గది రాదు.

ఎందరు బిడ్డలన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన మాట. ఇందులో బలవంతం ఎవరికీ తగదు. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ల ఎడముంటే తల్లికీ బిడ్డకూ మంచిది. దానికి నిరోధ్, మాత్రలు, కాపర్-టి, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షను ఉన్నాయి. ఇక చాలనుకుంటే ఆపరేషను. అన్నలారా, ఇది ఆడవాళ్ల పనే అనుకోకండి! మగవారికి కత్తికోత, కుట్లు లేని ఆపరేషను ఉంది. అది చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పటికే ఎక్కువమంది బిడ్డలున్నవారు చిన్నబోవలసిన పని లేదు. పుట్టిన ప్రతి బిడ్డా మన బిడ్డే. పుట్టిన వెంటనే పేరు నమోదు చేయించండి, టీకాలు వేయించండి. పెండ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు మీ కార్డులోనే ఉండిపోతే, సర్కారు లెక్కలో రెండు పొయ్యిలూ ఒకే కుటుంబమవుతాయి. సచివాలయంలో అడిగి కార్డు వేరు చేయించుకోండి.

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఎన్ని పక్కలు పడతాయో ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. ఆ లెక్క చూసుకుని మాట్లాడుకోండి. తర్వాత ఇద్దరూ కలిసి మా దగ్గరకు రండి. సెలవు.