అమ్మను ఒక్క ఇంటనే ఉండనివ్వండి
(కేసముద్రంలో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాతాపితృ సేవను గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. ఆ సేవ మహిమ మీకు తెలియనిది కాదు. కనుక దానిని వర్ణించడం మాని, మన ఇళ్లలో నడుస్తున్న ఒక పద్ధతిని గురించి మాత్రమే మాట్లాడతాను.

మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం, పశువులు పంచుకున్నట్టే తల్లిదండ్రుల పోషణనూ పంచుకుంటారు. పెద్దకొడుకు ఇంట ఒక నెల, నడిపివాని ఇంట ఒక నెల, చిన్నవాని ఇంట ఒక నెల. వీటినే వంతులంటాం. ఈ పద్ధతిని నేను నిందించను. భారం ఒక్కరి మీదే పడకూడదన్న న్యాయం ఇందులో ఉన్నది. తల్లి ఆరోగ్యంగా ఉన్నంత కాలం ఇది సాగుతుంది. కానీ ఆమెకు యాదిమరుపు వ్యాధి వచ్చిందనుకోండి, ఇదే పద్ధతి ప్రతి నెలా ఒక శిక్ష అవుతుంది.

ఎందుకో చెబుతాను. వైద్యులు డిమెన్షియా అనీ, పత్రికలవారు చిత్తవైకల్యం అనీ పిలిచే ఈ స్థితి మెదడుకు సోకే వ్యాధుల వలన కలుగుతుంది. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 1906లో దీనిని మొదట వివరించిన జర్మనీ వైద్యుని పేరే వ్యాధికి నిలిచింది. ఇది సాధారణంగా కొత్త జ్ఞాపకాలను ముందు తీసుకుపోతుంది. నిన్న వచ్చిన చుట్టం గుర్తుండడు, పడుచుతనంలో నాట్లు వేస్తూ పాడిన పాట గుర్తుంటుంది. ముప్పై ఏళ్లు మసలిన ఇంట్లో చీకటిలోనైనా స్నానాలగది వైపు కాళ్లే తీసుకుపోతాయి. చిన్నకొడుకు కొత్తగా కట్టిన డాబాలో ఆ తలుపు ఎటున్నదో ప్రతి రాత్రీ వెతుక్కోవలసిందే. వెతుకులాటలో బట్టలు తడుస్తాయి, ఇంట్లో వారు కసురుకుంటారు. ఆ ఇల్లు కాస్త అలవాటు పడేసరికి నెల నిండుతుంది. బట్టల మూట మళ్లీ వాకిట్లోకి వస్తుంది.

అందువలన నా విన్నపం ఇది. అమ్మను ఆమెకు బాగా అలవాటైన ఇంటనే ఉంచండి. వంతులు మీరు తిరగండి. పెద్దవాడు రాత్రులు వచ్చి పడుకోవచ్చు, నడిపివాడు మందుల ఖర్చు పెట్టుకోవచ్చు, కూతురు వారానికి రెండు రోజులు వచ్చి తలంటుపోసి వెళ్లవచ్చు. హైదరాబాదులో ఉన్న కొడుకు డబ్బు పంపి ఊరుకోరాదు. నెలకు రెండు రాత్రులైనా వచ్చి అమ్మ పక్కన పడుకోవాలి. ఈ వ్యాధిలో సాయంత్రం నుండి తెల్లవారేవరకే కష్టం ఎక్కువ. చూసుకునేవారికి అన్నింటికంటే కరువయ్యేది నిద్రే.

ఇదంతా ముసలితనపు చాదస్తం కాదా అని కొందరు అడుగుతారు. కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం, మన దేశంలో అరవై దాటిన ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి ఈ స్థితి ఉన్నది. మొత్తం 88 లక్షల మంది. పట్టణాలలో కంటే పల్లెల్లో, పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. అయితే మరుపంతా ఇదే కాదు. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు, కొన్ని మందులు కూడా మతిమరుపు తెస్తాయి. అవి చాలావరకు చికిత్సకు లొంగుతాయి. కనుక దిష్టి, చేతబడి అని తిప్పకుండా ముందు మహబూబాబాద్‌లోనో, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలోనో చూపించండి. ఒకటి రెండు రోజుల్లోనే మతి తప్పినట్టయితే అసలు ఆలస్యం చేయరాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటి కారణం లోపల ఉండవచ్చు.

ఇక ఊరివారితో ఒక మాట. ఈ వ్యాధిలో పెద్దావిడ అన్నం తిని, చేయి కడుక్కొని, అరుగు మీదికి వచ్చి "నా కోడలు పొద్దటి నుండి అన్నం పెట్టలేదు" అని చెప్పవచ్చు. ఆమె అబద్ధమాడడం లేదు. తిన్న సంగతి ఆమెలో నిలవలేదు, అంతే. ఆ మాట నమ్మి నలుగురూ కోడలి మీద గుసగుసలాడితే, రాత్రింబగళ్లు చాకిరీ చేసే ఆ బిడ్డ మనసు విరిగిపోతుంది. నా దృష్టిలో దుప్పట్లు ఉతకడం కంటే ఆ మాట మోయడమే బరువు. పొరుగువారు "రా పెద్దమ్మా, కూర్చో" అని ఒక గంట ముచ్చట పెడితే, ఆ గంటలో కోడలు నడుము వాల్చగలదు. నిజంగానే నిర్లక్ష్యం జరుగుతున్నదన్న అనుమానం ఉంటే ఆ ఇంటికి వెళ్లి కళ్లారా చూడండి.

"నేను మా ఇంటికి పోతా" అని సొంతింట్లోనే కూర్చొని అడిగే తల్లులున్నారు. ఇదే మీ ఇల్లని వాదిస్తే కోపం పెరుగుతుంది. "పోదాంలే, మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగితే పుట్టింటి ముచ్చట్లలో పడి శాంతిస్తారు. ఇంట్లో జాగ్రత్తలు మీకే తెలుసు. రాత్రి చిన్న దీపం, గ్యాస్ కట్టివేయడం. మనవి పత్తి, మిరప పండించే ఇళ్లు కనుక పురుగుల మందు డబ్బా చూరులో కాక తాళం వేసిన చోటే ఉండాలి. వ్యవసాయ బావి, రైలు పట్టాలు దగ్గరగా ఉన్నవారు వాకిలి గడియ మీద కన్నేసి ఉంచాలి.

దాతలారా! అన్నదానానికి మీరిచ్చే చేయి పెద్దది. అదే చేత్తో ఇలాంటి ఇంటికి ఒక చక్రాల కుర్చీ, నెలకు సరిపడా డైపర్లు ఇప్పించండి. దేవుని సన్నిధిలో ఈ మాట అనడానికి నేను సంకోచించను. కూలికి వెళ్లే కుటుంబానికి ఆ ఖర్చు మామూలుది కాదు.

యాత్రికులకు చివరగా ఒక మనవి. ఇటువంటి పెద్దలను శివరాత్రి రద్దీలో కురవి వీరభద్రస్వామి దర్శనానికి తీసుకుపోకండి. మామూలు రోజున, పొద్దున్నే, తీరికగా తీసుకుపోండి. కొడుకు పేరు మరచిన తల్లి కూడా గంట వినగానే చేతులు జోడించవచ్చు. బయలుదేరే ముందు ఫోన్ నంబరు రాసిన చీటీ ఆమె కొంగుకు పిన్నుతో పెట్టండి. వరుసలో తప్పిపోయి బిత్తరచూపులు చూస్తున్న పెద్దలు మీకు కనబడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని గుచ్చిగుచ్చి అడగకండి. నీడన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చీటీ ఉన్నదేమో చూసి, ఆలయ సిబ్బందికి చెప్పండి. వృద్ధుల సహాయానికి 14567, చూసుకునేవారి మనోవేదన వినడానికి 14416 నంబర్లున్నాయి. రెండింటికీ ఛార్జీ లేదు.