చెడ్డ ఏలుబడి – పెద్ద సంస్థలు

నిండిన చెరువు వాన లేకున్నను వెంటనే ఎండిపోదు. నీరటికాడు అశ్రద్ధ చేసినను కొంతకాలము పైరు పచ్చగానే ఉండును. కంప్యూటరు రంగమును ఏలిన సంస్థల సంగతియు ఇట్టిదేనా యని ఈ పూట మేము విచారింపదలచినాము.

ఐ.బి.ఎం. చరిత్ర చూతము. 1911లో పుట్టి, 1924లో నేటి పేరు ధరించిన ఈ అమెరికను సంస్థ, 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రములతో తిరుగులేని స్థానము నందినది. 1981లో తాను వెలువరించిన చిన్న కంప్యూటరునకు ప్రాసెసరును ఇంటెల్ నుండియు, దానిని నడపు సాఫ్ట్‌వేరును మైక్రోసాఫ్ట్ నుండియు తీసికొన్నది. ఇతరులును అవే కొని, అట్టి యంత్రములనే చౌకగా చేయసాగిరి. లాభము చేజారినది. ఏలికలు మాత్రము పెద్ద యంత్రముల రాబడినే నమ్ముకొనిరి. 1993లో సంస్థ నష్టము 810 కోట్ల డాలర్లు.

అయినను అది కూలలేదు. ఏల? బ్యాంకుల లెక్కలు, విమానముల టిక్కెట్లు, ప్రభుత్వ కార్యాలయముల దస్త్రములు దాని యంత్రములపై నడచుచుండెను. అంతటి ఏర్పాటును ఎవరును రాత్రికి రాత్రి మార్చుకొనజాలరు. ఆ వ్యవధియే సంస్థకు ఊపిరియైనది. 1993 ఏప్రిలులో లూయీ గెర్‌స్ట్‌నర్ పగ్గములు చేపట్టెను. ఆయన కంప్యూటరు పండితుడు కాడు; బిస్కట్లు, సిగరెట్లు చేయు సంస్థనుండి వచ్చినవాడు. సంస్థను ముక్కలు చేయవలెనన్న యోచనను త్రోసిపుచ్చెను. పెద్ద యంత్రముల ధరలు తగ్గించెను. యంత్రములు అమ్ముటతో ఆగక, వాటిని వాడువారికి సేవ చేయుటను ముఖ్య వ్యాపారముగ పెంచెను. 1994లో మరల లాభము వచ్చినది.

అందరికి ఈ భాగ్యము దక్కలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ ఒకప్పుడు కంప్యూటర్ల తయారీలో ఐ.బి.ఎం. తరువాతి స్థానమున నుండెడిది. చిన్న కంప్యూటరును తేలికగా చూచినది. తుదకు 1998లో, ఆ చిన్న కంప్యూటర్లు అమ్మియే పెద్దదైన కాంపాక్ దానిని కొనివేసినది.

కావున పూర్వవైభవము గడువు నిచ్చును గాని, అభయము నీయదు. ఆ గడువునకైనను వెల యున్నది. 1980ల నడుమ ఐ.బి.ఎం.లో నాలుగు లక్షలకు పైబడి యున్న ఉద్యోగులు 1994 నాటికి సుమారు రెండు లక్షల ఇరువది వేలకు తగ్గిరి. సంస్థ బ్రతికినది, తప్పు చేసినది ఏలికలు, జీతము పోయినది ఉద్యోగుల ఇండ్లలో.

నేడు మన తెలుగు కుటుంబములు ఎన్నియో ఇట్టి సంస్థల జీతములపై నిలిచియున్నవి. సంస్థ పేరు పెద్దదని నిశ్చింతగా నుండక, అది తన చెరువు పూడికను నీరుండగనే తీయుచున్నదా యని మనమును గమనించుచుండుట మంచిది.