పిల్లల బొమ్మకార్డులు - మన షేర్లు

ఈవేళ షేర్ల గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. అది మగవాళ్ల వ్యవహారమని రేడియో కట్టేయకండి.

పిల్లల్లో ఏ కొత్త పిచ్చి పుట్టినా అందరికంటే ముందు తెలిసేది తల్లికే. పుస్తకాల సంచీ దులిపేదీ, ఉతికేముందు జేబులు తడిమేదీ మనమే కదా! "వీడు ఇంతగా ఎగబడుతున్నాడే, ఆ సరుకు చేసే కంపెనీ షేర్లు నాలుగు కొంటే పోలా?" అని తోచడం సహజం. ఆలోచన చెడ్డదేమీ కాదు. అయితే చీటీ పాడిన డబ్బు తెచ్చి అందులో పెట్టే ముందు, ఆ సరుకు అసలు ఎవరిదో కనుక్కోవాలి.

పోకెమాన్ కార్డుల సంగతే చూడండి. 1996లో జపానులో పుట్టి, 1999 మొదట్లో అమెరికా అంగళ్లకు వచ్చాయి. పొట్లానికి 11 కార్డులు, అందులో అరుదైనది ఒక్కటే. విప్పితే గాని లోపల ఏముందో తెలియదు. ఆ ఒక్కదాని కోసం పిల్లలు పొట్లం మీద పొట్లం కొనిపించారు. బళ్లో మార్పిళ్లు, ఏడుపులు, కొట్లాటలు! చాలా స్కూళ్లు కార్డులు తేవద్దని నిషేధం పెట్టాయి. ఇది జూదమేనంటూ కొందరు తల్లిదండ్రులు ఆ ఏడే కోర్టుకెక్కారు. నన్నడిగితే వాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

ఆ ఏడే ఫోర్ కిడ్స్ అనే అమెరికా కంపెనీ షేరుకు రెక్కలొచ్చాయి. ఆసియా బయట పోకెమాన్ పేరు వాడుకునే లైసెన్సులు ఇప్పించే ఏజెంటు అది. పేరు మాత్రం దానిది కాదు. పొలం ఒకరిది, కౌలు ఒకరిది అన్నమాట. పంట విరగపండిందని కౌలుదారుకు పిల్లనిచ్చాక, ఆసామి పొలం వెనక్కి తీసుకుంటే? 2005 ఆఖరుతో ఆ ఏజెన్సీ ముగిసిపోయింది. తర్వాత యు-గి-ఓ అనే మరో కార్డుల ఆట విషయంలో జపాను హక్కుదారులతో తగాదా వచ్చి, 2011లో కంపెనీ దివాలా పిటిషను వేసింది.

అమెరికాలో ఆ కార్డులు అచ్చువేసి అమ్మిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌దీ కౌలు వ్యవసాయమే. హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ 1999లో దాన్ని సుమారు 32.5 కోట్ల డాలర్లకు కొంది. 2003లో పోకెమాన్ వాళ్లు ఆ పని తామే చూసుకుంటామన్నారు. కాని హాస్‌బ్రో మునిగిపోలేదు. విజార్డ్స్‌కు 1993 నుంచీ మ్యాజిక్ అనే సొంత కార్డుల ఆట ఉంది. 2022లో ఆ ఒక్క ఆట మీదే 100 కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చింది. సొంత చెక్క అంటే అదీ!

మరి నేరుగా ఆసామి షేరే కొంటే? అక్కడా ఎన్ని వాటాలున్నాయో చూడాలి. 1889లో పేకముక్కల వ్యాపారంగా మొదలైన నింటెండో సంగతి వినండి. 2016 జూలైలో పోకెమాన్ గో అనే ఫోను ఆట రాగానే రెండు వారాల్లో నింటెండో షేరు రెట్టింపు దాటింది. ఆట తయారుచేసింది వేరే కంపెనీ. పోకెమాన్ కంపెనీలో తనకున్నది 32 శాతమేననీ, లాభాల మీద ప్రభావం కొద్దిగానే ఉంటుందనీ 22వ తేదీన నింటెండోయే చెప్పింది. 25న షేరు ఒక్కరోజులో 18 శాతం దాకా పడిపోయింది. ఆ 32 శాతం సంగతేమీ రహస్యం కాదు సుమండీ. ఎగబడి కొన్నవాళ్లలో చాలామంది చూసుకోలేదు, అంతే.

కంపెనీల వార్షిక నివేదికలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లీషు బరువుగా ఉంటే కాలేజీలో చదివే పిల్లచేత చదివించుకోండి. రాబడిలో ఒక్క పేరు మీద వచ్చేది ఎంత, ఆ పేరు సొంతమా లైసెన్సా, లైసెన్సయితే ఏ ఏటితో సరి - ఈ మూడు ముక్కలూ అడిగి రాసుకోండి. సెలవు.